సొంత ఇంటికి బీమా – చట్టం ఇచ్చిన అండ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలోని కష్టం అనుభవించినవారే ఆ మాట అని ఉంటారు. అయితే కట్టిన ఇంటిని కాపాడుకోవడం ఎలాగో ఆ సామెత చెప్పలేదు. పెళ్ళి ఖర్చు ఆ ఏడాదితో తీరిపోతుంది. ఇంటి మీద పెట్టిన సొమ్ము మాత్రం మన తదనంతరం కూడా ఎండకు, వానకు, గాలికి ఎదురొడ్డి నిలవవలసి ఉంటుంది. సామాన్య ఉద్యోగి ముప్ఫై ఏళ్ళ కష్టార్జితంలో సింహభాగం, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీలతో సహా, ఆ నాలుగు గోడలలోనే ఉంటుంది. స్కూటరుకు బీమా లేకపోతే పోలీసులు జరిమానా వేస్తారు కనుక ఏటా మరువకుండా చేయిస్తాము. ఇంటికి బీమా లేదేమని అడిగేవారు లేరు కనుక ఆ ఊసే తలపెట్టము. స్కూటరు కంటె ఎన్నో రెట్లు విలువైన ఆస్తి ఏ రక్షణా లేకుండా ఉండిపోవడానికి కారణం ఇంతకు మించి మరొకటి లేదు.

ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయం మరింత ముఖ్యమైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల ప్రాంతాల నుండి పని వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలు తరాలుగా ఈ రైల్వే పట్టణంలో నివసిస్తున్నాయి. పూరీ గేట్ పరిసరాలలో ఇల్లు కట్టుకొని, స్వగ్రామంలో తాతల నాటి ఇంటిని కూడా నిలుపుకుంటూ వస్తున్నవారు మనలో ఉన్నారు. ఉద్యోగం ఒక రాష్ట్రంలో, ఆస్తి మరొక రాష్ట్రంలో. ఈ రెండు చోట్లనూ కలిపే తూర్పు తీరం తుఫానులకు పుట్టినిల్లు. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెను తుఫాను ముంచెత్తింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతాన్ని తాకింది. 2020 మే 20న ఆంఫాన్ పశ్చిమ బెంగాల్‌ను దెబ్బతీసింది. ప్రతిసారీ ప్రభుత్వాలు సహాయం ప్రకటించాయి. కాని ప్రభుత్వ సహాయం ఆపదలో ఆదుకొనే చేయి మాత్రమే. పడిపోయిన ఇంటిని తిరిగి కట్టించే బాధ్యత దానిది కాదు.

ఆ బాధ్యతను ప్రీమియం పుచ్చుకొని స్వీకరించేది బీమా సంస్థ. ఎంతవరకు స్వీకరించిందో చెప్పేది పాలసీ పత్రం. ఆ పత్రాన్ని నష్టానికి ముందే చదివి, కాగితాలను భద్రపరచుకున్న వినియోగదారునికి నేటి చట్టం గట్టి అండగా నిలుస్తున్నది. ఈ వ్యాసంలో మనవి చేయదలచినది ఇదే.

రుణానికి బీమా వేరు, ఇంటికి బీమా వేరు

“బ్యాంకు అప్పు తీసుకున్నప్పుడే బీమా కూడా కట్టించారు, ఇంక భయమేమిటి?” అని చాలామంది అంటూ ఉంటారు. అట్టివారు ముందుగా ఆ పత్రం తీసి చూడవలెను. బ్యాంకుల ద్వారా అమ్మే బీమాలలో రెండు రకాలున్నాయి. ఒకటి రుణగ్రహీత ప్రాణానికి సంబంధించినది. అప్పు తీరకముందే అతడు మరణిస్తే మిగిలిన బాకీని బీమా సంస్థ చెల్లిస్తుంది. ఇది జీవిత బీమా. ఇల్లు కూలిపోయినా, కాలిపోయినా ఈ పాలసీ క్రింద పైసా రాదు. రెండవది ఇంటి కట్టడానికి సంబంధించినది. తుఫానుకు ఇల్లు దెబ్బతిన్నప్పుడు పనికివచ్చేది ఇదే.

రుణం ఇచ్చే సంస్థ తన భద్రత కోసం ఇంటికి బీమా ఉండాలని కోరడంలో తప్పు లేదు. కాని ఒక సేవ కావాలంటే మరొక సేవను కొని తీరవలసిందేనని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా పేర్కొన్నది. ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని ఎవరైనా పట్టుబడితే, ఆ మాట వ్రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగవచ్చును. చాలా సందర్భాలలో ఆ ఒక్క కోరికతోనే పట్టు సడలుతుంది.

విలువ కట్టడంలో మెలకువ

బీమా మొత్తం ఎంత ఉండాలన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ రెండు పొరపాట్లు సర్వసాధారణం. మొదటిది స్థలం విలువను కూడా కలిపి లెక్కించడం. ఏ తుఫానూ స్థలాన్ని ఎత్తుకుపోదు. ఇంటిని ఈనాటి ధరలకు తిరిగి కట్టడానికి ఎంత ఖర్చవుతుందో అంతకే బీమా చేయించాలి. రెండవది బ్యాంకు బాకీ ఎంత ఉంటే అంతకే బీమా చేయించడం. ఇది మరింత ప్రమాదకరమైనది.

ఒక ఉదాహరణ చూద్దాము. ఇంటిని తిరిగి కట్టడానికి రూ. 20 లక్షలు కావాలి. బీమా మాత్రం రూ. 10 లక్షలకే ఉన్నది. తుఫానులో రూ. 4 లక్షల నష్టం జరిగింది. నష్టం బీమా మొత్తంలో సగం కూడా లేదు కనుక 4 లక్షలూ వస్తాయని ఇంటివారు ఆశిస్తారు. కాని సంప్రదాయ అగ్ని బీమా పాలసీలలో సగటు నిబంధన అనేది ఒకటి ఉన్నది. ఆస్తి విలువలో సగానికే బీమా చేయించారు కనుక నష్టంలో సగమే, అంటే రూ. 2 లక్షలే చెల్లిస్తారు. మిగిలిన సగానికి ఇంటి యజమాని తనకు తానే బీమాదారు అయినట్లు లెక్క.

ఈ చిక్కును తొలగించే ప్రయత్నం 2021లో జరిగింది. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశం మేరకు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే నమూనా పాలసీని అందిస్తున్నాయి. ఇందులో సగటు నిబంధన వర్తించదు. పై ఉదాహరణలో ఈ పాలసీ ఉన్నట్లయితే 10 లక్షల పరిమితికి లోబడి 4 లక్షల నష్టాన్నీ కోరవచ్చును. అంతమాత్రాన విలువ తగ్గించి చూపడం తెలివి అనిపించుకోదు. ఇల్లు పూర్తిగా నేలమట్టమైతే వచ్చేది ఆ 10 లక్షలే కదా.

ఈ పాలసీలో లెక్క సులువుగా ఉన్నది. ఇంటి కార్పెట్ ఏరియాను, పాలసీ మొదలయ్యే నాటి నిర్మాణ వ్యయంతో గుణించాలి. 800 చదరపు అడుగుల ఇంటికి చదరపు అడుగుకు రూ. 2,000 చొప్పున వేసుకుంటే కట్టడానికి బీమా మొత్తం రూ. 16 లక్షలు అవుతుంది. పాలసీ కాలంలో ఈ మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. ఇంటిలోని సామానుకు కట్టడపు బీమాలో 20 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు, జాబితా ఇవ్వనక్కరలేకుండానే రక్షణ లభిస్తుంది. మన ఉదాహరణలో అది రూ. 3 లక్షల 20 వేలు. ప్రహరీ గోడ, గ్యారేజి, నీటి ట్యాంకు, ఇంటికి అమర్చిన సౌర ఫలకాలు కూడా కట్టడంలో భాగమే.

అగ్ని, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు, నీటి ట్యాంకులు పగలడం వంటి ఉపద్రవాలు ఈ పాలసీ పరిధిలోకి వస్తాయి. ఇంటిలో ఉండ వీలులేనప్పుడు వేరొక ఇంటికి చెల్లించే అద్దె కూడా నిబంధనల మేరకు లభిస్తుంది. శిథిలాలు తొలగించే ఖర్చు క్లెయిములో 2 శాతం వరకు, ఇంజనీరు, ఆర్కిటెక్టుల ఫీజులు 5 శాతం వరకు ఇస్తారు. పాలసీని పదేళ్ళ వరకు ఒకేసారి తీసుకొనవచ్చును.

ఇందులో లేనివి కూడా తెలిసి ఉండాలి. బంగారు ఆభరణాలకు విడిగా అదనపు రక్షణ తీసుకోవాలి. నగదుకూ, దస్తావేజులకూ రక్షణ లేదు. దొంగతనం విషయంలో, పైన చెప్పిన ఉపద్రవం ఏదైనా సంభవించిన పిమ్మట ఏడు రోజులలోగా, దాని పర్యవసానంగా జరిగిన దొంగతనానికి మాత్రమే పరిహారం వస్తుంది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఇంటికి కన్నం వేస్తే ఈ పాలసీ ఆదుకోదు. దానికి దొంగతనం బీమా వేరుగా ఉన్నది. ఆ పాలసీ తీసుకునేవారు ఇల్లు తాళం వేసి ఉండే రోజులపై ఏదైనా షరతు ఉన్నదా అని తప్పక చూసుకోవాలి. స్వగ్రామంలోని ఇంటిని ఏడాదిలో అధిక భాగం మూసి ఉంచే మనవంటి వారికి ఇది ముఖ్యం.

క్వార్టర్లలో నివసించే సహోద్యోగులు తమకు ఈ గొడవ లేదని అనుకోరాదు. క్వార్టరు సంస్థదే కాని అందులోని టీవీ, ఫ్రిజ్, బీరువా, మంచాలు మనవే. సామానుకు మాత్రమే బీమా చేయించుకొనే వీలున్నది. అద్దె ఇళ్ళలో ఉన్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఒక్కొక్క పదానికి గల బలం

మన వృత్తిలో టెండరు నిబంధనలను ఒక్కొక్క పంక్తీ చదువుతాము. డ్రాయింగులో ఒక కొలత అస్పష్టంగా ఉంటే అడిగి తెలుసుకోనిదే పని మొదలుపెట్టము. అదే శ్రద్ధ బీమా పత్రం మీద ఎందుకు చూపాలో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు చెబుతాయి.

మొదటిది పుష్పాలయ ప్రింటర్స్ కేసు. భవనానికి చేరువగా రోడ్డు మీద నడిచిన బుల్డోజరు కారణంగా భవనమూ, అందులోని యంత్రాలూ దెబ్బతిన్నాయి. రైలు లేదా రోడ్డు వాహనం, జంతువు వలన కలిగే అభిఘాతానికి పాలసీలో రక్షణ ఉన్నది. వాహనం గోడను నేరుగా ఢీకొనలేదు కనుక ఇది అభిఘాతం కాదని బీమా సంస్థ వాదించింది. ఢీకొంటేనే అని పాలసీలో స్పష్టంగా వ్రాయలేదనీ, పదానికి రెండర్థాలు వచ్చినప్పుడు పత్రం వ్రాసిన సంస్థకు వ్యతిరేకంగా, బీమాదారునికి అనుకూలంగా అర్థం చెప్పుకోవాలనీ కోర్టు నిర్ణయించింది. రైలు పట్టాలకూ, రద్దీ రోడ్లకూ ఆనుకొని ఇళ్ళు కట్టుకున్న మనకు ఈ తీర్పు ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది హర్‌చంద్ రాయ్ కేసు. ఇందులో బలప్రయోగంతో లోనికి చొరబడి చేసిన దొంగతనానికే పరిహారమని పాలసీలో స్పష్టంగా ఉన్నది. దొంగతనం జరిగింది కాని బలప్రయోగం జరిగిన దాఖలా లేదు. పాలసీ భాష స్పష్టంగా ఉన్నప్పుడు కోర్టు దానికి క్రొత్త అర్థం కల్పించజాలదని చెప్పి క్లెయిమును తోసిపుచ్చారు.

ఈ రెంటినీ కలిపి చదివితే సారాంశం తేటపడుతుంది. మాట అస్పష్టమైతే చట్టం మన పక్షాన ఉంటుంది. మాట స్పష్టమైతే దానిని ముందే చదువుకొనవలసిన బాధ్యత మనది.

ఇదే విధంగా మనం చెప్పే మాటకు కూడా బలం ఉన్నది. ప్రతిపాదన పత్రంలో పైకప్పు శ్లాబా, పెంకా, రేకా అన్నది ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. తరువాత వీధి వైపు గదిలో దుకాణం పెట్టినా, పై అంతస్తు వేసినా బీమా సంస్థకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. మరొక సంగతి. ప్రీమియం ముందుగా ముట్టనిదే బీమా సంస్థ బాధ్యత మొదలు కాదని 1938 నాటి బీమా చట్టం 64-వి.బి. సెక్షను చెబుతున్నది. రేడియోలో తుఫాను హెచ్చరిక విన్న తరువాత పాలసీ కోసం పరుగెత్తడం ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వడం వంటిదే.

నష్టం జరిగిన నాడు

ఆపద వచ్చినప్పుడు మనస్సు కుదుటపడడానికే కొంత సమయం పడుతుంది. అందుచేత చేయవలసిన పనులను ఇంటిల్లిపాదీ ముందే తెలుసుకొని ఉండడం మంచిది. ఉద్యోగి డ్యూటీలో ఉన్న సమయంలోనే నష్టం జరగవచ్చును కదా.

మొదట నష్టం మరింత పెరగకుండా చూడాలి. ఎగిరిపోయిన కప్పుపై టార్పాలిన్ కప్పడం, తడిసే సామాను ప్రక్కకు తీయడం వంటివి బీమాదారుని కర్తవ్యాలే. వాటికంటె ముందు అన్ని వైపుల నుండి ఫోటోలు తీయాలి. విరిగిన వస్తువులను సర్వేయరు చూసేవరకు పారవేయరాదు. అగ్ని ప్రమాదమైతే అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనమైతే పోలీసు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి సంపాదించాలి. ఆ రోజే బీమా సంస్థకు తెలియజేసి, ఫిర్యాదు సంఖ్య వ్రాసుకోవాలి.

2024లో నియంత్రణ సంస్థ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సర్వేయరు అవసరమైన క్లెయిములలో సమాచారం అందిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి. 15 రోజులలో అతని నివేదిక రావాలి. నివేదిక అందిన 7 రోజులలో బీమా సంస్థ తన నిర్ణయం చెప్పాలి. ఈ గడువులను క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే ఉత్తరం ఎప్పుడు వ్రాయాలో తెలుస్తుంది.

సర్వేయరు తక్కువ అంచనా వేస్తే అదే తుది మాట అనుకోరాదు. సర్వేయరు నివేదిక ముఖ్యమైన ఆధారమే అయినా, అదే అంతిమం కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత గల సివిల్ ఇంజనీరుచేత కొలతలతో, ధరలతో మరొక అంచనా వేయించి సమర్పించవచ్చును. ఒత్తిడి చేసి, లేదా తప్పుదోవ పట్టించి ‘పూర్తిగా ముట్టినది’ అని సంతకం తీసుకున్నంత మాత్రాన వినియోగదారుని హక్కు పోదని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో అదే కోర్టు తీర్పు ఇచ్చింది. అయితే ఒత్తిడిని రుజువు చేయవలసినది మనమే. కనుక తక్కువ మొత్తం పుచ్చుకోక తప్పనప్పుడు అభ్యంతరాన్ని వెంటనే లేఖ ద్వారా తెలుపుట ఉత్తమం.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ఉన్న ఊరు ఒకటి, ఇల్లున్న ఊరు మరొకటి అయినవారికి అత్యంత ముఖ్యమైన మార్పు ఈ విషయంలోనే వచ్చింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రతివాది ఉన్న చోట, లేదా వివాదానికి కారణం పుట్టిన చోట ఫిర్యాదు చేయాలి. 1999 ఫిబ్రవరిలో అంబాలాలో ఒక గోదాము కాలిపోయింది. పాలసీ తీసుకున్నదీ, క్లెయిము కోరినదీ అంబాలాలోనే. యజమానులు చండీగఢ్‌లోని కమిషన్‌లో ఫిర్యాదు చేశారు. అక్కడ బీమా సంస్థకు శాఖ ఉన్నా, వివాదంతో ఆ శాఖకు సంబంధం లేదు కనుక అక్కడ విచారించే వీలు లేదని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది సోనిక్ సర్జికల్ కేసుగా ప్రసిద్ధి పొందింది. పదేళ్ళ పోరాటం చోటు ఎంపిక దగ్గరే ఆగిపోయింది.

2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి చట్టం ఈ స్థితిని మార్చింది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఫిర్యాదు చేయవచ్చును. అనగా పలాసలోని ఇల్లు దెబ్బతిని, అక్కడి శాఖ క్లెయిము నిరాకరించినా, ఖరగ్‌పూర్ నివాసి పశ్చిమ మేదినీపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. వాయిదా వాయిదాకూ సెలవు పెట్టి శ్రీకాకుళం రైలెక్కనక్కరలేదు. ఇంటర్నెట్ ద్వారా ఫిర్యాదు దాఖలు చేసే సౌకర్యమూ, వీడియో ద్వారా విచారణ కోరే వీలూ ఉన్నాయి.

జిల్లా కమిషన్ పరిధిని ఇప్పుడు కోరిన నష్టపరిహారాన్ని బట్టి గాక, చెల్లించిన ప్రతిఫలాన్ని బట్టి నిర్ణయిస్తున్నారు. 2021 డిసెంబరు నాటి నియమాల ప్రకారం ఆ పరిమితి రూ. 50 లక్షలు. ఇంటి బీమాలో ప్రతిఫలం అంటే ప్రీమియమే కనుక మన కేసులు దాదాపు అన్నీ జిల్లా కమిషన్‌లోనే తేలుతాయి. ప్రతిఫలం రూ. 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాద కారణం పుట్టిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. తీర్పు నచ్చకపోతే 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకొనవచ్చును.

కమిషన్‌కు వెళ్ళకముందు మరొక మెట్టు ఉన్నది. బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాసిన నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. పశ్చిమ బెంగాల్‌కు కోల్‌కతాలోను, ఒడిశాకు భువనేశ్వర్‌లోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు హైదరాబాదులోను ఈ కార్యాలయాలున్నాయి. ఇక్కడ కూడా ఫిర్యాదుదారు నివాసస్థలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఫీజు లేదు. రూ. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. అంబుడ్స్‌మన్ అవార్డుకు బీమా సంస్థ కట్టుబడి ఉండాలి. అదే వివాదం కోర్టులోగాని, కమిషన్‌లోగాని నడుస్తున్నప్పుడు మాత్రం అంబుడ్స్‌మన్ దానిని స్వీకరించరు. కనుక ఈ మెట్టును ముందే ఎక్కాలి. అలాగని రెండేళ్ళ గడువును మరువరాదు.

ఈ ఆదివారం చేయదగిన పని

ఈ వ్యాసం చదివిన సహోద్యోగులకూ, గృహిణులకూ ఒక విన్నపం. ఈ ఆదివారం ఒక గంట ఇందుకు కేటాయించండి. బీరువాలోని బీమా పత్రాన్ని బయటకు తీయండి. అది ప్రాణానికి బీమాయా, ఇంటికి బీమాయా అన్నది చూడండి. గడువు ఎప్పుడు ముగుస్తుందో, బీమా మొత్తం నేటి నిర్మాణ వ్యయానికి సరిపోతుందో లేదో లెక్క వేయండి. ఇంటి చిరునామా, యజమాని పేరు సరిగా ఉన్నాయా అని పరిశీలించండి. తండ్రి కాలం చేసినా పాలసీ ఆయన పేరనే కొనసాగుతూ ఉంటే వెంటనే మార్పించండి. గదుల ఫోటోలు, సామాను రసీదులు, ఇంటి ప్లాను, పాలసీ ప్రతి ఒక కవరులో పెట్టి, ఆ ఇంటికి దూరంగా నివసించే దగ్గరి బంధువు వద్ద ఉంచండి. ఇంటితో పాటు కాగితాలు కూడా తడిసిపోతే క్లెయిముకు ఆధారం వెదుక్కోవలసి వస్తుంది.

పాలసీయే లేనివారు తుఫానుల కాలం రాకముందే రెండు మూడు సంస్థల నుండి ప్రీమియం వివరాలు తెప్పించుకొని పోల్చి చూడండి. పునాది తీసేటప్పుడు మట్టిని పరీక్షించాము, ఇటుకను మ్రోగించి చూశాము, సిమెంటు తేదీ చదివాము. ఆ ఇంటిని ఆపదలో నిలబెట్టే కాగితాన్ని కూడా అంతే శ్రద్ధతో చదువుదాము.